కరిగే చీజ్, కరగని అపోహలు

ఇంటికి నలుగురు వస్తే భోజనానికి ముందు వేడివేడిగా ఏదో ఒకటి పెట్టాలి. పకోడీలంటే పెట్టేవాళ్లు పొయ్యి దగ్గరే ఉండిపోవాలి, హాల్లో కబుర్లు హాల్లోనే అయిపోతాయి. అందుకే అమెరికాలో స్థిరపడ్డ మనవాళ్ల ఇళ్లలో ఒక పద్ధతి అలవాటైంది. ఇప్పుడు హైదరాబాద్‌లోనూ అక్కడక్కడా కనిపిస్తోంది. అరచేతిలో పట్టేంత గుండ్రటి చీజ్ బిళ్లను ఉన్నదున్నట్టు ఓవెన్‌లో పెడతారు. లోపల జారుగా కరిగాక పైన కాస్త తేనె, నాలుగు బాదం పలుకులు వేసి మధ్యలో పెడితే, అందరూ రొట్టెముక్కలు ముంచుకుని తింటారు. బ్రీ వాడితే బేక్డ్ బ్రీ, కామంబేర్ వాడితే బేక్డ్ కామంబేర్.

ఇంత సులువైన దాని చుట్టూ ఇన్ని అపోహలెందుకు? చీజ్ అంటే అంతా ఒకటేనని, వేడి తగిలితే ఏదైనా కరుగుతుందని అనుకోవడం వల్లే చాలామటుకు. నిజానికి అది కరుగుతుందా లేదా అన్నది ఓవెన్ చేతిలో లేదు. పాలు విరిచిన రోజున కొంత, ఆ తర్వాత మాగిన వారాల్లో కొంత నిర్ణయమైపోతుంది.

అపోహ: చీజ్ దొరక్కపోతే పనీర్ పెట్టినా సరిపోతుంది.

పనీర్‌ను ఎంతసేపు కాల్చినా పైన ఎర్రబడుతుంది, అంచులు గట్టిపడతాయి, అంతే. కరగదు. పాలలో కేసిన్ అనే ప్రొటీన్ ఉంటుంది, దాన్ని పట్టి ఉంచేది కాల్షియం. కాగిన పాలల్లో నిమ్మరసం పిండినప్పుడు ఆ పులుపుకి కాల్షియం చాలావరకు నీళ్లలోకి వెళ్లిపోతుంది. కేసిన్ ముద్దలు నేరుగా ఒకదానికొకటి అతుక్కుంటాయి. పాలు బాగా కాగడం వల్ల మిగతా ప్రొటీన్లు కూడా వాటితో పెనవేసుకుంటాయి. ఇక ఆ ముద్ద వేడికి విడిపోదు. గ్రీసు వాళ్ల ఫెటా చీజ్ కూడా పులుపు ఎక్కువైన రకమే. ఓవెన్‌లో మెత్తబడుతుంది గానీ జారదు. సైప్రస్ హలూమీ సంగతి దీనికి తిరగేసి ఉంటుంది: అందులో కాల్షియం దండిగా మిగిలిపోయి ప్రొటీన్‌ను కదలనివ్వదు, అందుకే దాన్ని పెనం మీద ముక్కలుగా కాల్చుకుంటారు. కాల్షియం ఎక్కువున్నా కరగదు, మరీ పోయినా కరగదు. ఈ రెండింటికీ మధ్యన ఉన్నదే పిజ్జా మీది మోజరెల్లా.

మరి మన ఫ్రిజ్‌లో ఉండే చీజ్ క్యూబ్‌లు? అవి ప్రాసెస్డ్ చీజ్. స్విట్జర్లాండ్‌లో 1911లో వాల్టర్ గెర్బర్, ఫ్రిట్జ్ స్టెట్లర్ దారి చూపారు, అమెరికాలో జేమ్స్ క్రాఫ్ట్ 1916లో పేటెంట్ తీసుకున్నాడు. చీజ్‌ను కరిగించి, కొన్ని లవణాలు కలిపి, నూనె తేలకుండా మళ్లీ ముద్ద చేస్తారు. శాండ్‌విచ్‌లో అది బాగానే సాగుతుంది. దిమ్మను దిమ్మగా ఓవెన్‌లో పెడితే మాత్రం పైన తోలు కట్టి లోపల జిగటగా ఉంటుంది. అతిథుల ముందు పెట్టే వస్తువు కాదు.

అపోహ: ఎక్స్‌పైరీ తేదీ ఎంత దూరంగా ఉంటే అంత మంచిది.

పాల ప్యాకెట్ కొనే అలవాటుతో చీజ్ కొంటే వచ్చే తిప్పలివి. అరలో వెనకెక్కడో ఉన్న కొత్త సరుకును వెతికి మరీ తెస్తాం. ఓవెన్‌లోంచి తీసి కోస్తే మధ్యలో సుద్దముక్కలాంటి తెల్లటి పొర అలాగే ఉంటుంది. వంటను తప్పుపడతాం, ఓవెన్‌ను తప్పుపడతాం. తప్పు తొందరది.

కొత్తగా చేసిన కామంబేర్ లోపల ఫెటాలాగే పుల్లగా, పొడిపొడిగా ఉంటుంది. దాని పైపొర మీద పెన్సిలియం కామంబెర్టీ అనే తెల్ల బూజు పెరుగుతుంది. అది ముందుగా పులుపును తినేస్తుంది. ఆపైన ప్రొటీన్‌ను విరగ్గొడుతూ అమోనియా వదులుతుంది. పైపొర దగ్గర పులుపు తగ్గడంతో లోపలున్న కాల్షియం ఫాస్ఫేట్ అటువైపు కదిలిపోతుంది. అందుకే ఈ చీజ్ అంచుల నుంచి మధ్యకు మాగుతుంది, ఒక్కసారిగా అంతా కాదు. సుద్దపొర అంటే మాగుదల ఇంకా చేరని చోటు. దాన్ని ఇరవై నిమిషాల వేడి మాగబెట్టలేదు.

కాబట్టి తేదీ దగ్గరపడుతున్న బిళ్లనే ఎంచుకోండి. కాగితం మీంచే మధ్యలో బొటనవేలితో మెల్లగా నొక్కితే అంచుల్లాగే నడుమ కూడా మెత్తగా లోపలికి పోవాలి. గట్టిగా తగిలితే నాలుగైదు రోజులు ఫ్రిజ్‌లో ఉంచి చూడండి. సూపర్‌మార్కెట్లలో దొరికే చాలా బ్రీలు ఇంత పంతం పట్టవు. మొదటి రోజు నుంచీ ఒకేలా మెత్తగా ఉండేట్టు, పులుపు పెరగనివ్వకుండా వాటిని తయారుచేస్తారు. కరగడానికి ఢోకా లేదు, రుచే చప్పగా ఉంటుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు అదే మేలని నా అభిప్రాయం, తేనె, మిరియాలు ఎలాగూ పడతాయి.

అపోహ: పైన ఉన్న తెల్లతోలు ప్లాస్టిక్ లాంటిది, లేదా పాడైన బూజు. ఒలిచేయాలి.

తినదగ్గదే. పైగా ఓవెన్‌లో గిన్నె పని చేసేది అదే. ఒలిచి పెట్టారంటే చీజ్ ట్రే నిండా పారుతుంది. పైభాగాన్ని మాత్రం పల్చగా మూతలా కోసి తీసేస్తే ముంచుకోవడం తేలిక. గౌడా, ఎడామ్ లాంటి వాటి మీదుండే ఎర్ర మైనం వేరు, అది తినకూడదు. కట్ట విప్పగానే కాస్త అమోనియా వాసన వస్తే కంగారు అక్కర్లేదు, గాలి తగిలితే పోతుంది. ముక్కు మండేంత ఘాటుంటే మాత్రం మాగడం హద్దు దాటిందన్నమాట. తెల్ల బూజు మీద ఆకుపచ్చ, నలుపు, గులాబీ మచ్చలు కనిపిస్తే ఆ చోటు కోసేసి వాడదామనుకోవద్దు. గట్టి చీజ్‌కి చెల్లే ఆ ఉపాయం మెత్తని చీజ్‌కి చెల్లదు, మొత్తం పారేయాల్సిందే.

అపోహ: ఓవెన్ ఎంత వేడిగా ఉంటే అంత బాగా కరుగుతుంది.

180 డిగ్రీల సెల్సియస్, 15 నుంచి 20 నిమిషాలు. 250 గ్రాముల బిళ్లకు ఇంతకుమించి అక్కర్లేదు. వేడి మితిమీరితే ప్రొటీన్ బిగుసుకుపోయి తనలోని నీటినీ కొవ్వునూ బయటకు తోసేస్తుంది. పైన నూనె తేలుతుంది, కింద రబ్బరు మిగులుతుంది. ఒకసారి అలా అయ్యాక బాగుచేసే దారి లేదు.

చేసే పద్ధతి ఒక్క పేరాకి మించదు. చీజ్‌ను అరగంట ముందు ఫ్రిజ్‌లోంచి తీసి, కాగితం పూర్తిగా విప్పండి. బిళ్ల సరిగ్గా పట్టే మందపాటి పింగాణీ గిన్నెలో, అడుగున బటర్ పేపర్ వేసి పెట్టండి. పైతోలు మీద గళ్లుగా గాట్లు పెట్టి, వాటిలో సన్నగా కోసిన వెల్లుల్లి, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు దూర్చండి. ముందే వేడెక్కిన ఓవెన్‌లో పెట్టి, మధ్యలో చెంచాతో నొక్కితే తొణికేదాకా ఉంచండి. తేనె, బెల్లంపాకం లాంటివి బయటకు తీశాకే వేయాలి, ముందే వేస్తే మాడతాయి.

ఓటీజీ లేదంటారా? కుక్కర్‌లో ఉప్పు పోసి కేకు చేసుకునే ఇళ్లలో ఇదీ అవుతుంది. అడుగు మందంగా ఉన్న గిన్నెలో స్టాండు పెట్టి, మూతపెట్టి పది నిమిషాలు కాగనిచ్చి, చీజ్ గిన్నె దించి సన్నసెగ మీద ఉంచితే చాలు. పైన ఎర్రబడదు, అంతే తేడా. మైక్రోవేవ్‌లో ఒకచోట ఉడికి ఇంకోచోట చల్లగా ఉంటుంది. అర నిమిషానికోసారి ఆపి చూసే ఓపికుంటే పని జరుగుతుంది.

ఇంకొకటి: కామంబేర్ వచ్చే గుండ్రటి చెక్కపెట్టెతో సహా ఓవెన్‌లో పెట్టమంటారు. పిన్నులు కొట్టిన పెట్టెకు ఆ మాట సరే. జిగురుతో అతికించింది వేడికి ఊడిపోతుంది. ఎలాంటిదో తెలియకపోతే గిన్నే నయం.

అపోహ: ఇది ఫ్రెంచి పల్లెల్లో తరతరాల వంటకం.

చీజ్ పాతదే, వంటకం కాదు. నార్మండీలోని కామంబేర్ అనే ఊళ్లో మేరీ హారెల్ అనే ఆవిడ 1791లో, ఫ్రెంచి విప్లవకాలంలో తలదాచుకున్న ఒక మతగురువు సలహాతో ఈ చీజ్ కనిపెట్టిందని కథ చెబుతారు. 1708లో అచ్చయిన థామస్ కోర్నేయ్ భౌగోళిక నిఘంటువులోనే కామంబేర్ చీజ్ ప్రస్తావన ఉంది, కాబట్టి కథను కథగానే తీసుకోవాలి. మీరు చూసే తెల్లతెల్లటి పైతోలు కూడా ఇరవయ్యో శతాబ్దపు ఎంపికే. అంతకుముందు అది నీలిబూడిద రంగులో ఉండేది. చెక్కపెట్టె 1890లో వచ్చింది, యూజీన్ రిడెల్ అనే ఇంజనీరు చలవ. దాంతోనే ఈ మెత్తటి చీజ్ చితికిపోకుండా దూరప్రాంతాలకు వెళ్లగలిగింది. ఇక బ్రీ మీద పఫ్ పేస్ట్రీ చుట్టి కాల్చడం 1970, 80లలో అమెరికా విందుల్లో మోజుగా మారిన ఆధునిక అలవాటు.

హారెల్ కథకు ఒక తోక ఉంది. తన కడుపుజబ్బును కామంబేరే నయం చేసిందని నమ్మిన జోసెఫ్ నిరిమ్ అనే అమెరికన్ వైద్యుడు 1926లో ఆ ప్రాంతానికి వచ్చి, ఆవిడకు విగ్రహం పెట్టాలని పట్టుబట్టాడు. 1928లో పక్కనున్న వీముతియేలో పెట్టారు. 1944 బాంబుదాడిలో అది ధ్వంసమైతే, ఒహాయోలోని ఒక చీజ్ కర్మాగారం ఉద్యోగులు చందాలేసుకుని కొత్తది ఇచ్చారు. నమ్మకానికి వైద్యులూ అతీతులు కారు.

అపోహ: పాలతో చేసిందే కదా, శాకాహారమే.

విందుకు పిలిచేవాళ్లు అన్నింటికన్నా ముందు చూసుకోవాల్సింది ఇదే. చీజ్‌కి పాలు విరవడానికి రెన్నెట్ అనే పదార్థం వాడతారు. సంప్రదాయంగా అది పాలు తాగే లేగదూడ కడుపులోంచి తీసేది. నార్మండీ వారి అసలు ముద్ర ఉన్న కామంబేర్‌కి, ఇటలీ పార్మిజానోకి ఇప్పటికీ జంతు రెన్నెట్టే వాడాలని నియమం. దిగుమతి సరుకు ఎంత ఖరీదైనదైతే ఈ చిక్కు అంత ఎక్కువన్నమాట.

అలాగని చీజ్ అంతా మాంసాహారం కూడా కాదు. సూక్ష్మజీవుల నుంచి తీసే రెన్నెట్ ఉంది. దూడ రెన్నెట్‌లోని కైమోసిన్ అనే ఎంజైమ్‌నే సూక్ష్మజీవుల చేత తయారుచేయించి వాడటానికి అమెరికా 1990లో అనుమతించింది. మన దేశంలో ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క చూస్తే సరిపోతుంది. అమెరికాలో ఆ చుక్క ఉండదు. మైక్రోబియల్ రెన్నెట్ అనో వెజిటేరియన్ రెన్నెట్ అనో రాసుంటే నిశ్చింత. ఉత్తి ఎంజైమ్స్ అని రాసి వదిలేస్తే ఏ రకమో తెలియదు. అడక్కుండా శాకాహారి అయిన పిన్నిగారి ముందు పెట్టవద్దు.

అమెరికాలో ఉండేవాళ్లకు ఇంకో సంగతి. కాచని పాలతో చేసిన చీజ్ 60 రోజులు మాగితే తప్ప అక్కడ అమ్మడానికి లేదు. కామంబేర్ అన్ని రోజులు ఆగే రకం కాదు. అందువల్ల అక్కడి దుకాణాల్లో దొరికేదంతా పాశ్చరైజ్ చేసిన పాలదే.

అపోహ: ఓవెన్‌లో కాలింది కదా, ఎవరైనా తినొచ్చు.

గర్భిణులకు మెత్తటి బూజు చీజ్‌లు వద్దంటారు. లిస్టీరియా అనే బ్యాక్టీరియా ఫ్రిజ్ చల్లదనంలోనూ పెరగడం, వీటిలో తేమ ఎక్కువ, పులుపు తక్కువ కావడం అందుకు కారణాలు. లోపలిదాకా పొగలు కక్కేలా ఉడికితే ప్రమాదం పోతుందన్నది వైద్యుల మాట. గోరువెచ్చగా కరిగిన బేక్డ్ బ్రీ ఆ లెక్కలోకి రాదు. ఏడాది నిండని పిల్లలకు పైన పోసిన తేనె తగలకూడదు. అందులో ఉండే అవకాశమున్న బొటులిజం బీజాలు ఓవెన్ వేడికీ చావవు. బాదం, అక్రోటు పడనివాళ్లున్నారేమో ముందే అడిగి, పప్పులు వేరే గిన్నెలో పెట్టండి.

పాలు పడవు కాబట్టి చీజ్ అసలే పడదనుకునేవాళ్లకు మాత్రం కొంత ఊరట. మాగిన చీజ్‌లో లాక్టోజ్ చాలా కొద్దిగానే మిగులుతుంది. పాల ప్రొటీన్‌కే అలర్జీ ఉంటే ఈ ఊరట వర్తించదు.

అపోహ: 45 శాతం కొవ్వు అని అట్ట మీదే రాసుంది, సగం వెన్నే.

ఆ 45 శాతం నీళ్లు తీసేశాక మిగిలిన ఘనపదార్థంలో లెక్క. బిళ్లలో సగానికి పైగా నీరే. మొత్తం బరువులో కొవ్వు ఐదో వంతు పైచిలుకు. 250 గ్రాముల బిళ్లకు దాదాపు 750 కేలరీలు, ఆరుగురు పంచుకుంటే తలా 125. పకోడీల కంటే ఎక్కువేమీ కాదు. మీగడ ఎక్కువగా కలిపే ట్రిపుల్ క్రీమ్ రకాలు కొంటే ఈ లెక్క మారుతుంది.

అపోహ: వైన్, ఫ్రెంచి రొట్టె లేకపోతే దీనికి అందం లేదు.

కొవ్వుకు తోడుగా కావాల్సింది పులుపు, కారం, కరకర. మూడూ మనింట్లో ఉన్నాయి. ఎండిన జొన్నరొట్టె ముక్కలు, దోరగా కాల్చి విరిచిన పుల్కాలు, చెగోడీలు, జామ, దానిమ్మ. బెల్లం వేసిన అల్లం పచ్చడి చిన్న చెంచాడు పైన వేస్తే తేనె గుర్తుకురాదు. ఆవకాయ మాత్రం వద్దు. ఆవఘాటుకి చీజ్ ఉనికే తెలియదు.

అపోహ: ముందే కాల్చి పెట్టుకుంటే ఆఖర్లో హడావుడి ఉండదు.

గాట్లు పెట్టడం, వెల్లుల్లి దూర్చడం పొద్దున్నే చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. కాల్చడం మాత్రం అందరూ వచ్చి కూర్చున్నాకే. బల్ల మీదికొచ్చాక అది జారుగా ఉండేది కాసేపే, ఆపైన గట్టిపడుతుంది. మళ్లీ వేడిచేస్తే కరుగుతుంది గానీ నూనె విడుస్తుంది. మిగిలింది రెండు గంటలకు మించి బయట ఉంచకుండా ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు ఉడికించిన వేడి పాస్తాలో ఆ ఉడికిన నీళ్లు రెండు గరిటెలతో సహా కలిపేయండి.