పింగ్, ట్రేస్‌రూట్: దారి తప్పిన ప్యాకెట్ల ఆచూకీ

1983 డిసెంబరు. అమెరికాలోని మేరీలాండ్‌లో, అబర్డీన్ ప్రూవింగ్ గ్రౌండ్ ఆవరణలో ఉన్న సైనిక బాలిస్టిక్ రీసెర్చ్ లేబొరేటరీలో నెట్‌వర్క్ ఉన్నట్టుండి మొరాయించింది. లోపం ఎక్కడుందో కనిపెట్టడానికి మైక్ మూస్ అనే ప్రోగ్రామర్ ఒక చిన్న పనిముట్టు రాయడానికి కూర్చున్నాడు. ఒక్క సాయంత్రంలో వెయ్యి లైన్ల దాకా కోడ్ తయారైంది. అది పనిచేయాలంటే ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్‌లోనూ మార్పులు చేయాల్సి వచ్చింది. తీరా మొదటి ప్యాకెట్ వదిలే వేళకు, చెడిపోయిన హార్డ్‌వేర్ దొరికిపోయింది, బాగు కూడా అయిపోయింది. పుట్టిన రోజున పని దొరకని ఆ ప్రోగ్రామే పింగ్. సర్వర్ అందడం లేదని ఫోన్ రాగానే ఇవాళ్టికీ అడ్మిన్ చేతివేళ్లు ముందుగా కొట్టే కమాండ్ అదే.

పింగ్ చేసే పని చాలా తేలిక. అవతలి యంత్రానికి ఒక చిన్న ప్యాకెట్ పంపుతుంది, బదులు వచ్చేదాకా ఎంతసేపు పట్టిందో లెక్కగడుతుంది. పలకరిస్తే పలకాలన్న నియమం మూస్ పెట్టింది కాదు. 1981 సెప్టెంబరులో జాన్ పోస్టెల్ రాసిన ఆర్ఎఫ్‌సీ 792 అనే ఐసీఎంపీ (యంత్రాలు నెట్‌వర్క్ కబుర్లు పంపుకునే పద్ధతి) నిబంధనల పత్రంలో అది అప్పటికే ఉంది. ఎనిమిదో రకం సందేశం వస్తే, అందులో ఉన్నదాన్ని ఉన్నట్టుగా సున్నా రకం సందేశంలో తిప్పి పంపాలి. 1983 జూలైలో నార్వేలో జరిగిన ఒక సమావేశంలో డేవ్ మిల్స్ అనే పరిశోధకుడు, ఎకో అనే ఈ రకం ప్యాకెట్లతో దారిలోని ఆలస్యాన్ని కొలిచిన సంగతి మాటల మధ్యలో చెప్పాడు. ఆ మాట మూస్ మనసులో నాటుకుంది. కాలేజీలో సోనార్, రాడార్ నమూనాల మీద పనిచేసినవాడు కాబట్టి, సోనార్ చేసే చప్పుడునే తన ప్రోగ్రాముకు పేరుగా పెట్టాడు.

ఆ తిరుగు సమయం చాలా సంగతులు బయటపెడుతుంది. ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. హైదరాబాద్ నుంచి న్యూయార్క్ సూటిగా కొలిస్తే దాదాపు 13 వేల కిలోమీటర్లు. అంటే రానూ పోనూ కలిపి 130 మిల్లీసెకన్లకు తగ్గే వీల్లేదు. కేబుళ్లు సముద్రాల గుండా చుట్టు తిరిగి వెళ్తాయి కాబట్టి అసలు అంకె ఇంకా ఎక్కువే వస్తుంది. న్యూయార్క్‌లో ఉందనుకున్న సర్వర్ హైదరాబాద్‌కు 10 మిల్లీసెకన్లలో బదులిచ్చిందంటే, పలికింది న్యూయార్క్ యంత్రం కాదు, దగ్గర్లో ఎక్కడో పెట్టిన నకలు.

పింగ్ గురించి తాను విన్న కథల్లోకెల్లా మేలైనదని మూస్ చెప్పిన కథ ఒకటుంది. ఒక ఆఫీసులో ఈథర్‌నెట్ ఉండి ఉండి తెగిపోతోంది. అక్కడి అడ్మిన్ పింగ్‌ను మాట పలికే ప్రోగ్రాముకు కలిపి, ఆ ధ్వనిని గదిలోని స్టీరియోకు ఇచ్చి, వాల్యూమ్ బాగా పెంచాడు. సెకనుకోసారి స్టీరియో ‘పింగ్, పింగ్’ అని అరుస్తుంటే, అతను భవనమంతా తిరుగుతూ ఒక్కో కనెక్టర్‌నూ కదిపి చూశాడు. ఏది కదిపినప్పుడు అరుపు ఆగిందో, లోపం ఆ కనెక్టర్‌లోనే ఉంది.

మూస్ 2000 నవంబరులో రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. త్రీడీ నమూనాలు గీసే బీఆర్ఎల్-క్యాడ్ అనే పెద్ద సాఫ్ట్‌వేర్ రూపకర్త కూడా ఆయనే. కానీ జనానికి గుర్తుండిపోయింది ఆ ఒక్క సాయంత్రపు పని.

పింగ్ అవునో కాదో చెబుతుంది. దారిలో ఎక్కడ తెగిందో చెప్పదు. ఆ లోటు తీర్చింది వాన్ జేకబ్సన్. 1980ల చివర్లో లారెన్స్ బర్క్‌లీ లేబొరేటరీలో ఒక రూటింగ్ సమస్య వెంట పడి, స్టీవ్ డీరింగ్ ఇచ్చిన సలహా ఆధారంగా ట్రేస్‌రూట్ రాశాడు. 48 గంటలు నిద్ర లేకుండా ఉన్నాక పుట్టిన కోడ్ ఇదని, దీన్ని ఎవరూ ఆదర్శంగా తీసుకోవద్దని ఆ కోడ్‌లోనే రాసి పెట్టాడు.

కిటుకు మాత్రం అద్భుతమైనది. ప్రతి ఐపీ ప్యాకెట్‌లోనూ టీటీఎల్ అనే అంకె ఉంటుంది. అది ప్యాకెట్ ఆయుష్షు. దాటిన ప్రతి రౌటర్ దగ్గరా ఒకటి తగ్గుతుంది. సున్నా అయితే ఆ రౌటర్ ప్యాకెట్‌ను పారేసి, ‘గడువు తీరింది’ అని తన అడ్రస్‌తో కబురు పంపుతుంది. దారి తప్పిన ప్యాకెట్లు ఎప్పటికీ తిరుగుతూ ఉండకూడదని పెట్టిన ఏర్పాటు అది. జేకబ్సన్ దాన్ని దారి చూపించేలా వాడుకున్నాడు. ఆయుష్షు 1 పెట్టి ప్యాకెట్ వదిలితే మొదటి రౌటర్ పేరు బయటపడుతుంది. 2 పెడితే రెండోది. ఇలా ఒక్కో మజిలీకి మూడేసి ప్యాకెట్ల చొప్పున పోతుంటాయి. అవి చేరాల్సిన పోర్టులు, ఎవరూ వాడరని నమ్మిన 33434 నంబరు నుంచి మొదలవుతాయి. చివరికి అసలు గమ్యమే ‘ఈ పోర్టులో ఎవరూ లేరు’ అని బదులిస్తుంది. ఆ తిరస్కారంతో ప్రయాణం పూర్తయినట్టు లెక్క. దారిలో ప్యాకెట్‌ను చంపిన ప్రతి యంత్రం నుంచీ సాక్ష్యం రాబట్టే పద్ధతి ఇది.

ఈ సాక్ష్యం మన దేశంలోనూ అక్కరకొచ్చింది. ఒకప్పుడు ఇక్కడి రెండు ఇంటర్నెట్ కంపెనీల వినియోగదారుల మధ్య ప్యాకెట్లు తరచుగా విదేశాల మీదుగా తిరిగి వచ్చేవి. ట్రేస్‌రూట్ కొడితే పక్క వీధికి వెళ్లాల్సిన దారిలో విదేశీ రౌటర్లు కనిపించేవి. దేశంలోని రాకపోకలు దేశంలోనే తెమలాలని 2003లో నిక్సీ అనే ఎక్స్ఛేంజ్ ఏర్పాటు చేశారు.

అయితే ట్రేస్‌రూట్‌ను చదవడం ఒక నేర్పు. మధ్యలో ఐదో మజిలీ దగ్గర, బదులు రాలేదని చెప్పే నక్షత్రాలు వచ్చి, ఆరు నుంచి చివరిదాకా బాగానే ఉంటే అక్కడ తెగినట్టు కాదు. ఆ రౌటర్‌కు ప్యాకెట్లను ముందుకు పంపడమే ముఖ్యం, ఇలాంటి కబుర్లు రాయడం తీరిక దొరికినప్పటి పని. ఆలస్యం ఒక మజిలీలో మొదలై చివరిదాకా కొనసాగితేనే అనుమానించాలి. పైగా కనిపించేది వెళ్లే దారి మాత్రమే. తిరిగి వచ్చే దారి వేరే కావచ్చు.

సర్వర్ల దగ్గర అడ్మిన్లను ఎక్కువగా తిప్పలు పెట్టేది ఆ తిరుగు దారే. రెండు నెట్‌వర్క్ కార్డులున్న లైనక్స్ సర్వర్‌ను తీసుకోండి. ఒకటి బయటి వైపు, రెండోది లోపలి వైపు. ఎవరో లోపలి కార్డుకూ డిఫాల్ట్ గేట్‌వే రాశారు. బయటి నుంచి పింగ్ చేస్తే చడీచప్పుడూ లేదు. కన్సోల్‌లో చూస్తే యంత్రం నిక్షేపంగా ఉంది. అప్పుడు బయటి కార్డు మీద, ప్యాకెట్ల రాకపోకలను చూపే టీసీపీ‌డంప్ పెడితే సెకనుకో పింగ్ వచ్చి పడుతూ కనిపిస్తుంది, బదులు మాత్రం వెళ్లదు. లోపలి కార్డు మీద పెడితే బదుళ్లు అటు నుంచి పోతుంటాయి. ‘ఐపీ రూట్ గెట్’ అని అడ్రస్ ఇస్తే కెర్నల్ ఏ కార్డును ఎంచుకుంటుందో ఒక్క లైన్లో తేలుతుంది. రెండు వైపులా బదులు కనిపించకపోతే ఆర్పీ‌ఫిల్టర్‌ను అనుమానించాలి. వచ్చిన కార్డు నుంచే తిరుగు దారి లేకపోతే, కఠినంగా పెట్టిన ఆ ఫిల్టర్ ప్యాకెట్‌ను లోపలే తుంచేస్తుంది. టీసీపీ‌డంప్ అంతకు ముందే చూస్తుంది కాబట్టి దానికి ప్యాకెట్ కనబడుతుంది, పై సర్వీసుకు అందదు. ఏ అడ్రస్ నుంచి బయల్దేరిందో దాన్ని బట్టి దారి ఎంచుకునేలా ‘ఐపీ రూల్’ రాస్తే రెండు కార్డులూ దారికొస్తాయి.

1990ల రెండో సగంలో పింగ్‌కు చెడ్డపేరు వచ్చింది. 65,535 బైట్ల పరిమితి దాటిన పింగ్ ముక్కలను పంపి యంత్రాలను కూల్చే ‘పింగ్ ఆఫ్ డెత్’ 1996లో బయటపడింది. తర్వాత స్మర్ఫ్ దాడి వచ్చింది. బాధితుడి అడ్రస్‌తో ఒక నెట్‌వర్క్ మొత్తానికి పింగ్ చేస్తే, అక్కడున్న యంత్రాలన్నీ అతని మీదికే బదుళ్లు కుమ్మరించేవి. ఆపరేటింగ్ సిస్టమ్‌లను సరిదిద్దారు, రౌటర్ల సెట్టింగులు మార్చారు. కానీ భయం మిగిలింది. ఐసీఎంపీ మొత్తాన్నీ ఫైర్‌వాల్‌లో ఆపేయడం చాలా చోట్ల ఆచారమైపోయింది.

ఆ ఆచారం చేసిన చేటు తక్కువది కాదు. ఎస్ఎస్‌హెచ్‌తో లాగిన్ అవుతారు, ప్రాంప్ట్ వస్తుంది. పెద్ద ఫోల్డర్ జాబితా అడగగానే తెర బిగుసుకుపోతుంది. చిన్న ప్యాకెట్లు పోతున్నాయి, 1500 బైట్లవి పోవడం లేదు. దారిలో ఎక్కడో 1492 బైట్ల లింకు ఉంది. రైల్వే అండర్‌బ్రిడ్జి ఎత్తు చాలని లారీలా పెద్ద ప్యాకెట్ అక్కడే ఆగిపోతుంది. ‘ఇంత పెద్దది పట్టదు, తగ్గించి పంపు’ అని ఆ రౌటర్ ఐసీఎంపీలోనే చెబుతుంది. ఫైర్‌వాల్ ఆ కబురును మింగేసింది. సర్వర్ అదే ప్యాకెట్‌ను మళ్లీ మళ్లీ పంపుతూనే ఉంటుంది. ముక్కలు చేయొద్దన్న షరతుతో 1472 బైట్ల పింగ్ పంపి చూస్తే గుట్టు తెలిసిపోతుంది. హెడర్ల 28 బైట్లు కలిపితే సరిగ్గా 1500 అవుతుంది.

ఐపీవీ6లో ఈ తప్పుకు శిక్ష ఇంకా పెద్దది. అక్కడ దారి మధ్య రౌటర్లు ప్యాకెట్‌ను ముక్కలు చేయవు. పక్కనున్న యంత్రం హార్డ్‌వేర్ అడ్రస్ కనుక్కోవడం కూడా ఐసీఎంపీవీ6 పనే. అందుకే ఏ సందేశాలను ఎట్టి పరిస్థితిలోనూ ఆపకూడదో 2007లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 4890 పేరుపేరునా చెప్పింది. పాత అలవాటుతో అన్నిటినీ ఆపేసిన సర్వర్ తన సొంత గేట్‌వేనే కనుక్కోలేక, కేబుల్ పెట్టి లైటు వెలుగుతున్నా నెట్‌వర్క్‌కు దూరంగా ఉండిపోతుంది.