తాబేలు వచ్చిన రాత్రి లైటు ఎందుకు ఆర్పాలి?

మన బరంపురానికి దగ్గర్లోనే, గంజాం ఊరి పక్కన, రుషికుల్య నది సముద్రంలో కలుస్తుంది. చాలా ఏళ్లు ఫిబ్రవరి, మార్చి నెలల్లో అక్కడి ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. కొద్ది రాత్రుల్లోనే లక్షల్లో వస్తాయి. 2025లో దాదాపు 7 లక్షలు వచ్చాయని లెక్క. కొన్నేళ్లు అలా గుంపుగా రానే రావు.

నిరుడు మేమూ చూడ్డానికి వెళ్లాం. చీకట్లో ఏమీ కనిపించక నేను ఫోన్ లైటు వేశాను. అప్పుడే అలల్లోంచి పైకి వస్తున్న ఒక తాబేలు ఆగింది. కాసేపు కదల్లేదు. తర్వాత తిరిగి నీళ్లలోకి వెళ్లిపోయింది. పక్కనే కావలి ఉన్న ఒక ముసలి జాలరి తాత, "లైటార్పమ్మా, నీకది ఫొటో, దానికది కాన్పు" అన్నాడు. అక్కతో నేను తెలుగులో మాట్లాడ్డం విన్నాడేమో, తెలుగులోనే అన్నాడు. గంజాం తీరం జాలరి ఊళ్లలో చాలా ఇళ్లలో మాట్లాడేది తెలుగే కదా. నాకు సిగ్గేసింది. ఇంటికొచ్చాక ఈ సంగతులన్నీ చదివాను.

గుడ్లు పెట్టడం మొదలుపెట్టాక తాబేలు చుట్టూ ఏం జరిగినా అంతగా పట్టించుకోదు. ఒడ్డుకు వచ్చేటప్పుడు మాత్రం వెలుగుకీ, అలికిడికీ బెదిరి వెనక్కి పోతుంది. వెనక కాళ్లతో గొయ్యి తీసి, వంద దాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి సముద్రంలోకి వెళ్లిపోతుంది. మళ్లీ వచ్చి చూసుకోదు. ఇసుక వేడికే గుడ్లు పొదుగుతాయి, 45 నుంచి 60 రోజులు పడుతుంది. వేడి ఎక్కువైతే ఆడపిల్లలు, తక్కువైతే మగపిల్లలు ఎక్కువ పుడతాయి.

పిల్లలు సాధారణంగా రాత్రిపూట బయటికొస్తాయి. చీకట్లో నేల కంటే సముద్రం వైపే కాస్త వెలుతురు ఉంటుంది, దాన్ని పట్టుకునే నడుస్తాయి. ఊరి వైపు, రోడ్డు వైపు దీపాలుంటే అదే సముద్రం అనుకుని అటు వెళ్లిపోతాయి. తెల్లారేసరికి ఎండకు మాడతాయి, లేదా కుక్కలకూ కాకులకూ దొరుకుతాయి. అసలే వెయ్యి పిల్లల్లో ఒకటే పెద్దదవుతుందని అంచనా.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఈ తాబేలు పులితో పాటు మొదటి షెడ్యూల్లో ఉంది. మన రాష్ట్రంలోనే ఉన్న గహిర్‌మథ తీరాన్ని 1997లో అభయారణ్యం చేశారు. రుషికుల్య తీరం అభయారణ్యం కాదు.  అందుకే అక్కడ కాపలా భారం అటవీశాఖతో పాటు ఊళ్లవాళ్ల మీద కూడా పడింది. గుడ్లున్న చోట వల కంచె కట్టేదీ, దారి తప్పిన పిల్లల్ని ఏరి నీళ్లలో వదిలేదీ వాళ్లే.

ఇంకో సంగతి మనకు అంతగా తెలియదు. తాబేలు గాలి పీల్చుకోడానికి పైకి రావాలి. ట్రాలర్ వలలో చిక్కితే రాలేక ఊపిరాడక చచ్చిపోతుంది. అందుకని నవంబర్ 1 నుంచి మే 31 దాకా రుషికుల్య, దేవి, ధామ్రా ముఖద్వారాల దగ్గర తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపు మర పడవల వేటకు నిషేధం. ఏడు నెలలు! "అన్నాళ్లు ఎలా గడుస్తుంది తాతా?" అని అడిగాను. కొంత సాయం వస్తాదిగానీ వేటకు సాటిరాదన్నాడు. కొడుకు కూలిపనికి సూరత్ వెళ్లాడట. అయినా తాత మాత్రం ఆ రాత్రి జీతం లేకుండానే తాబేళ్లకు కావలి కాస్తున్నాడు.

తాబేళ్లను కాపాడాలి అని మనం వ్యాసాల్లో తేలిగ్గా రాసేస్తాం. దాని ఖర్చు భరిస్తున్నది మాత్రం ఆ ఇళ్లు. మనం మానుకోవాల్సింది ఒక ఫొటో, అంతే.

కాబట్టి ఈసారి వెళ్తే ఫోన్ లైటు వెయ్యొద్దు. తాబేలుకు ఎదురుగా నిలబడొద్దు, దాన్ని ముట్టుకోవద్దు. ఇసుకలో గుడ్లుంటాయి, చూసి నడవండి. కావలివాళ్లు ఎక్కడ ఆగమంటే అక్కడే ఆగండి. కాసేపటికి కళ్లు చీకటికి అలవాటుపడతాయి, నక్షత్రాల వెలుగులోనే అన్నీ కనిపిస్తాయి. నాకా సంగతి లైటు ఆర్పాకే తెలిసింది.