రెండు తాళంచెవులు, ఒకే చెయ్యి

బ్యాంకుల్లో క్యాష్ సేఫ్‌కు రెండు తాళంచెవులుంటాయి. ఒకటి క్యాషియరు దగ్గర, రెండోది ఆఫీసరు దగ్గర. నేను ఆఫీసరునైన కొత్తలో మా క్యాషియరుగారు మేనకోడలి పెళ్ళికి వెళుతూ, "రెండ్రోజులే కదండీ, నా తాళంచెవి కూడా మీ దగ్గరే ఉంచండి" అన్నారు. మేనేజరుగారు ఒప్పుకోలేదు. మరో గుమాస్తాను పిలిచి, రిజిస్టరులో సంతకాలు పెట్టించి, ఆయనకు అప్పగించారు. నా ముఖం చిన్నబోవడం చూసి, "నీమీద అనుమానం కాదయ్యా. రేపు వంద రూపాయలు తగ్గితే నీకు సాక్షి ఉండొద్దూ?" అన్నారు.

ఒకే మనిషి రెండు ప్రజాపదవుల్లో ఉండవచ్చా అన్న చర్చ వచ్చినప్పుడల్లా నాకు ఆ మాటే గుర్తొస్తుంది.

పార్లమెంటు, శాసనసభల విషయం రాజ్యాంగమే తేల్చింది. 101వ అధికరణం ప్రకారం ఒకరే రెండింటిలోనూ సభ్యులుగా ఉండరాదు. రెండింటికీ ఎన్నికైనవారు 1950 నాటి నిబంధనల ప్రకారం 14 రోజుల్లో శాసనసభ స్థానం వదులుకోవాలి. లేకుంటే పార్లమెంటు స్థానం ఖాళీ అవుతుంది. మరి మేయరు, ఎమ్మెల్యే పదవులో? అక్కడ రాజ్యాంగం అలా అడ్డుకట్ట వేయలేదు. రాష్ట్రాల చట్టాలకు వదిలింది.

దీనికి మా చెన్నపట్నమే ఉదాహరణ. ఎం.కె. స్టాలిన్ 1996లో ప్రజలు నేరుగా ఎన్నుకున్న మేయరు. థౌజండ్ లైట్స్ ఎమ్మెల్యే కూడా ఆయనే. 2001లో రెండు పదవులకూ మళ్ళీ గెలిచారు. 2002లో జయలలిత ప్రభుత్వం ఒకరికి రెండు పదవులు కూడదని చట్టం తెచ్చింది. వివాదం హైకోర్టుకెక్కింది. చివరికి ఆయన మేయరు పదవి పోయింది.

ఆటకు నియమం ఉండాల్సిందే. కానీ ఆట మధ్యలో నియమం మారిస్తే, అది ఎంత మంచిదైనా, ఒకరిని ఉద్దేశించిందన్న మాట పడక తప్పదు. వచ్చే ఎన్నికల నుంచి అమలంటే ఆ నింద ఉండేది కాదు.

"ఎమ్మెల్యేనే మేయరైతే నగరానికి నిధులు త్వరగా వస్తాయి కదా" అని నా మిత్రులంటారు. నిజమే కావచ్చు. కానీ కార్పొరేషనుకు గ్రాంటు మంజూరు చేసే సభలో కూర్చునేదీ, ఆ డబ్బు ఖర్చు పెట్టేదీ ఒకరే అయితే లెక్క అడిగేదెవరు? వోచరు రాసినవారే దాన్ని పాస్ చేయకూడదని మాకు మొదటిరోజే నేర్పుతారు. పైగా నగర సమస్యలు చెప్పడానికి ఎమ్మెల్యే మేయరే కానక్కర్లేదు. 243ఆర్ అధికరణం ప్రకారం పురపాలక సభలో ఎమ్మెల్యేలకు చోటు కల్పించే వీలు రాష్ట్రాలకు ఉంది.

ఇంతా రాసి, మన సంఘాల సంగతి చెప్పకపోతే తప్పవుతుంది. చాలాచోట్ల కార్యదర్శే కోశాధికారి పని కూడా చూస్తుంటారు. వేరెవరూ ముందుకు రారు, పాపం ఆయనే మోస్తారు. ఆయన నిజాయితీపరుడే. అందుకే ఆయనకొక సాక్షి కావాలి. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఆ రెండో తాళంచెవి అందుకోవడానికి మనలో ఒకరం చెయ్యి చాపుదామా?