కొండ అంచున కడలి.. బండిపై ఒకరోజు విహారం
విశాఖ తీర యాత్రకు వెళ్లే తిరువూరు యువత తెలుసుకోవాల్సిన విషయాలు

తిరువూరు: ఉమ్మడి కృష్ణా జిల్లా వాసులకు కొండలు కొత్త కాదు.. కడలీ కొత్త కాదు. కొండపల్లి, మైలవరం మీదుగా తిరువూరు వచ్చే దారి పొడవునా కొండలు పలకరిస్తాయి. బందరు దాటి మంగినపూడి చేరితే సముద్రం దర్శనమిస్తుంది. అయితే ఈ రెండూ ఒకేచోట కొలువుదీరిన దృశ్యం మాత్రం ఇక్కడ కానరాదు. కొండ ఉన్నచోట కెరటం లేదు. కెరటం ఉన్నచోట కొండ లేదు. ఆ రెండింటినీ ఒకే చూపులో చూడాలంటే విశాఖ వెళ్లాల్సిందే.

సెలవులు రాగానే యువకులు నలుగురైదుగురు జట్టుకట్టి ద్విచక్ర వాహనాలపై విశాఖ ప్రయాణం కట్టడం పరిపాటిగా మారింది. ఉత్సాహం మంచిదే. కానీ తిరువూరు నుంచి విజయవాడకు దాదాపు 75 కిలోమీటర్లు, అక్కడి నుంచి విశాఖకు సుమారు 350 కిలోమీటర్ల దూరం. ఇంత దూరం రాత్రివేళ లారీల నడుమ బండి నడిపి, నిద్రలేని కళ్లతో తెల్లవారుజామున తీరానికి చేరి, మళ్లీ కొండదారులు ఎక్కడం ప్రాణాలతో చెలగాటమే. అదే యాత్రను అక్కడి దారులెరిగిన గైడు వెంట, ఒక్కరోజులో, క్షేమంగా ముగించుకునే వీలుంది. అందుకు ఏం చేయాలో, ఏం చూడాలో, ఎక్కడ జాగ్రత్త పడాలో పరిశీలిద్దాం.

కొండలు కడలిని చేరిందిక్కడే..

తూర్పు కనుమలు ఎడతెగని గోడ కావు. కృష్ణా, గోదావరి వంటి నదులు వాటిని కోసుకుంటూ తూర్పునకు ప్రవహించాయి. ఆ నదులు వేల ఏళ్లుగా మోసుకొచ్చిన ఒండ్రుమట్టి సముద్రపు అంచున పేరుకుని డెల్టాగా ఏర్పడింది. అందుకే మన తీరం బల్లపరుపుగా ఉంటుంది. కొండలు మాత్రం తీరానికి దూరంగా మిగిలిపోయాయి. విశాఖ వద్ద అంత పెద్ద నది ఏదీ లేదు. దాంతో కొండలు నేరుగా సముద్రంలోకి చొచ్చుకెళ్లాయి. సముద్రంలోకి ముక్కులా పొడుచుకువచ్చిన డాల్ఫిన్స్‌ నోస్‌ కొండ ఇందుకు నిదర్శనం. దీని ఎత్తు సుమారు 357 మీటర్లు. ఈ కొండ అండతోనే అక్కడ సహజసిద్ధమైన నౌకాశ్రయం రూపుదిద్దుకుంది. 1933లో విశాఖ ఓడరేవు ప్రారంభమైంది.

విదేశాల్లో ఇదే బాట

కొండను, కడలిని బండిపై చూపే ఒకరోజు యాత్రలకు వియత్నాం పెట్టింది పేరు. అక్కడ హుయే, డానాంగ్‌ నగరాల నడుమ హైవాన్‌ కనుమ ఉంది. సముద్రాన్ని ఆనుకుని 496 మీటర్ల ఎత్తు వరకు మెలికలు తిరుగుతూ సాగే ఈ దారి పొడవు సుమారు 21 కిలోమీటర్లు. 2005లో కొండ కింద సొరంగ మార్గం ప్రారంభం కావడంతో భారీ వాహనాల్లో అధిక భాగం అటు మళ్లాయి. పైనున్న పాత రహదారి పర్యాటకులకు మిగిలింది. బండి నడపడం వచ్చినవారు గైడును అనుసరిస్తారు. రానివారు గైడు వెనుక కూర్చుని ప్రయాణిస్తారు. ఎక్కడ ఆగాలో, ఏ మలుపులో నెమ్మదించాలో స్థానికునికే తెలుస్తుందన్నది అక్కడి యాత్రల మూలసూత్రం. విశాఖ వెళ్లేవారికీ ఇదే వర్తిస్తుంది.

చేరుకోవడం ఇలా..

తిరువూరు నుంచి బస్సులో విజయవాడ చేరి, గోదావరి ఎక్స్‌ప్రెస్‌ వంటి రాత్రి రైలు అందుకుంటే తెల్లవారేసరికి విశాఖలో దిగవచ్చు. ముందురోజు పగటి రైలులో వెళ్లి రాత్రి బస చేయడం మరింత మేలు. కంటినిండా నిద్ర పోయినవారే కొండదారిలో బండి నడపడానికి అర్హులు.

సొంత బండే కావాలనుకునేవారు రైల్వే పార్సిల్‌ కార్యాలయంలో దానిని బుక్‌ చేయవచ్చు. ఆర్‌సీ, గుర్తింపు కార్డు నకళ్లు ఇవ్వాలి. ట్యాంకులో పెట్రోలు పూర్తిగా తీసివేయాలి. ఒక్కరోజు యాత్రకు అంత శ్రమ ఎందుకనుకునేవారికి విశాఖలో అద్దె బండ్లు లభిస్తాయి.

నల్ల పలక.. పసుపు అక్షరాలు

అద్దె బండి తీసుకునేటప్పుడు మొదట చూడాల్సింది నంబరు పలక. అద్దెకు ఇచ్చేందుకు అనుమతి పొందిన పెట్రోలు బండికి నల్లని పలకపై పసుపు అక్షరాలు ఉంటాయి. తెల్లని పలకపై నల్లని అక్షరాలుంటే అది సొంత వినియోగానికి నమోదైన వాహనం. దానిని అద్దెకు తిప్పడం నిబంధనలకు విరుద్ధం. ప్రమాదం జరిగితే బీమా సంస్థ పరిహారం నిరాకరించే ముప్పుంది. వంద రూపాయలు తక్కువకు వస్తోందని అలాంటి బండి తీసుకుంటే కుటుంబం మొత్తం చిక్కుల్లో పడుతుంది.

తరువాత ఆర్‌సీ, బీమా, కాలుష్య ధ్రువపత్రాల గడువు చూసుకోవాలి. రెండు బ్రేకులూ పట్టి చూడాలి. టైర్ల గాడులు అరిగిపోయాయేమో, హారన్‌, లైట్లు పనిచేస్తున్నాయో లేదో పరిశీలించాలి. బండిపై అప్పటికే ఉన్న గీతలు, సొట్టలను సెల్‌ఫోన్‌లో ఫొటో తీసుకుంటే తిరిగి అప్పగించేటప్పుడు వివాదం ఉండదు. గైడుతో రుసుము, పెట్రోలు, భోజనం ఖర్చు ఎవరిదన్నదీ ముందే మాట్లాడుకోవాలి.

ఉదయం ఉత్తరానికి..

సూర్యోదయానికి రామకృష్ణా బీచ్‌ చేరితే యాత్రకు శుభారంభమే. అక్కడే ఐఎన్‌ఎస్‌ కురుసుర జలాంతర్గామి ఉంది. 2001లో నౌకాదళ సేవల నుంచి విరమించిన ఈ జలాంతర్గామి 2002 నుంచి ప్రదర్శనశాలగా అలరిస్తోంది. దాని ఎదురుగా 2017లో టీయూ-142 యుద్ధవిమాన ప్రదర్శనశాల ఏర్పాటైంది. ఇవి తెల్లవారుజామున తెరవరు కాబట్టి తిరుగు ప్రయాణంలో చూడటం మేలు.

అక్కడి నుంచి భీమిలి వరకు దాదాపు 30 కిలోమీటర్ల తీర రహదారి. కుడివైపు నీలి కెరటాలు, ఎడమవైపు పచ్చని కొండలు. కైలాసగిరి దాటి, రుషికొండ మీదుగా సాగితే తొట్లకొండ వస్తుంది. సముద్రమట్టానికి సుమారు 128 మీటర్ల ఎత్తున ఉన్న ఈ కొండపై ప్రాచీన బౌద్ధారామం ఉంది. నీటి నిల్వ కోసం రాతిలో తొలిచిన తొట్ల వల్లనే దీనికి ఆ పేరు వచ్చింది. 1976లో నౌకాదళ సర్వే సందర్భంగా ఇది వెలుగుచూసింది. 1988-92 మధ్య రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. శాతవాహనుల నాణేలతోపాటు రోమన్‌ నాణేలూ లభించాయి. రెండు వేల ఏళ్ల కిందటే ఈ తీరానికి సముద్ర వాణిజ్యంతో సంబంధం ఉందనడానికి అవే సాక్ష్యం. సమీపంలోని బావికొండపైనా బౌద్ధ శిథిలాలున్నాయి.

ఎర్రమట్టి దిబ్బలపై బండి వద్దు

భీమిలి చేరువలోని ఎర్రమట్టి దిబ్బలు ఈ యాత్రలో అరుదైన మజిలీ. సముద్రమట్టం ఇప్పటికంటే ఎంతో దిగువన ఉన్న మంచుయుగ కాలంలో బయటపడిన ఇసుకను గాలి తీరానికి మోసుకొచ్చింది. కాలక్రమంలో ఇసుక రేణువులపై ఇనుప ఖనిజపు పూత ఏర్పడి ఎర్రబారాయి. వాననీరు వాటిని కోసి లోయలుగా మలిచింది. ఇటువంటి నిక్షేపాలు తమిళనాడు, శ్రీలంకల్లో తప్ప దక్షిణాసియాలో మరెక్కడా చెప్పుకోదగినవి లేవు. 2014లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ వీటిని జాతీయ భూవారసత్వ ప్రదేశంగా గుర్తించింది. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోనూ చోటు దక్కింది.

ఈ దిబ్బలు చూడటానికి గట్టిగా కనిపించినా లోపల వదులైన ఇసుకే. ఒక్క బండి చక్రం చేసిన గాడి మరుసటి వానకు వాగుగా మారుతుంది. వేల ఏళ్లలో రూపొందినది వారాల్లో కరిగిపోతుంది. కనుక బండి రహదారి వద్దే నిలిపి, గైడు చూపిన బాటలో నడిచి వెళ్లాలి. అంచుల వద్ద స్వీయచిత్రాల కోసం నిలబడితే మట్టి పెళ్ల విరిగి పడే ప్రమాదం ఉంది.

భీమిలిలో డచ్చివారి ఆనవాళ్లు

గోస్తనీ నది సముద్రంలో కలిసేచోట భీమిలి వెలసింది. 17వ శతాబ్దంలో డచ్చి వర్తకులు ఇక్కడ స్థావరం ఏర్పరచుకున్నారు. వారి సమాధుల తోట నేటికీ ఉంది. పాత దీపస్తంభం, గడియార స్తంభం చూడదగినవి. 1861లో ఏర్పడిన భీమునిపట్నం పురపాలక సంఘం దేశంలోని ప్రాచీన పురపాలక సంఘాల్లో ఒకటి. మధ్యాహ్న భోజనం, గంటసేపు విశ్రాంతి ఇక్కడే. భోజనం చేసిన వెంటనే బండెక్కితే కునుకు ముంచుకొస్తుంది.

మధ్యాహ్నం యారాడకు..

నగరానికి తిరిగివచ్చి దక్షిణాన ఉన్న యారాడ వెళ్లడం యాత్రలో రెండో ఘట్టం. కొండ ఎక్కి దిగితే మూడువైపులా కొండలు, ఒకవైపు సముద్రంతో యారాడ తీరం ఎదురవుతుంది. డాల్ఫిన్స్‌ నోస్‌పై దీపస్తంభాన్ని నిర్ణీత వేళల్లో సందర్శకులకు చూపుతారు. ఇది నౌకాదళానికి కీలకమైన ప్రాంతం కావడంతో నిషేధిత చోట్ల ఫొటోలు తీయరాదు. ఈ విషయంలో గైడు మాట జవదాటకూడదు. తూర్పు తీరం కావడంతో సూర్యుడు కొండల వెనుక త్వరగా మరుగవుతాడు. వెలుతురు ఉండగానే కొండ దిగాలి. రెండు ఘట్టాలూ కలిపి ప్రయాణం సుమారు వంద కిలోమీటర్లే అయినా మజిలీలతో రోజంతా పడుతుంది.

మలుపుల్లో మెలకువలు

* దిగేటప్పుడు క్లచ్‌ పట్టుకుని గానీ, ఇంజిన్‌ ఆపి గానీ బండిని జారవిడవరాదు. ఏ గేరులో ఎక్కారో దాదాపు అదే గేరులో దిగాలి. ఇంజినే బండిని అదుపు చేస్తుంది. అదేపనిగా బ్రేకు నొక్కితే అది వేడెక్కి పట్టు తప్పుతుంది.
* మలుపునకు ముందే వేగం తగ్గించాలి. మలుపు మధ్యలో బ్రేకు గట్టిగా నొక్కితే చక్రం జారుతుంది. తీర రహదారిపై ఇసుక పేరుకున్న చోట్ల ఈ ముప్పు రెట్టింపు.
* ఇరుకైన ఏటవాలు దారిలో ఎక్కే వాహనానికి దిగే వాహనం దారివ్వాలి.
* గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 16 మీటర్లకు పైగా దూసుకుపోతుంది. 40 కిలోమీటర్ల వేగంతో పోలిస్తే బ్రేకు వేశాక ఆగడానికి రెట్టింపునకు మించిన దూరం పడుతుంది.
* బృందంలో గైడు ముందు, అనుభవజ్ఞుడు చివర ఉండాలి. కొత్తవారు గైడు వెనుకే సాగాలి. ముందు బండికి కనీసం రెండు సెకన్ల దూరం పాటించాలి. పోటీలు, పక్కపక్కనే కబుర్లు పనికిరావు.

కొండదారి అలవాటు లేనివారు ముందుగా కొండపల్లి ఖిల్లా ఘాట్‌రోడ్డులో ఒక ఉదయం అభ్యాసం చేయవచ్చు. ఎక్కడం, దిగడంపై పట్టు చిక్కకపోతే విశాఖలో గైడు వెనుక కూర్చోవడమే ఉత్తమం. ఇందులో చిన్నతనమేమీ లేదు.

చట్టం ఏం చెబుతోంది?

నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ, వెనుక కూర్చున్నవారికి సైతం, హెల్మెట్‌ తప్పనిసరి. ఐఎస్‌ఐ గుర్తున్నదే ధరించి, గడ్డం కింద పట్టీ బిగించాలి. 2019 మోటారు వాహనాల సవరణ చట్టం ప్రకారం హెల్మెట్‌ లేకుంటే రూ.1,000 జరిమానాతోపాటు మూడు నెలలు లైసెన్సుపై వేటు పడుతుంది. లైసెన్సు లేకుండా నడిపితే రూ.5,000, మద్యం తాగి నడిపితే మొదటిసారి రూ.10,000 వరకు జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. మైనర్‌కు బండి ఇస్తే తల్లిదండ్రులు లేదా వాహన యజమానికి రూ.25,000 జరిమానా, మూడేళ్ల వరకు జైలు శిక్ష తప్పవు. పిల్లల ముచ్చట తీర్చేందుకు తాళాలు చేతికిచ్చే పెద్దలు ఇది గుర్తుంచుకోవాలి.

ప్రమాదం జరిగితే 108కు ఫోన్‌ చేయాలి. తొలి గంట అత్యంత కీలకం. 2025 మేలో కేంద్రం తెచ్చిన పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు నిర్దేశిత ఆస్పత్రుల్లో ఏడు రోజుల వరకు, రూ.1.5 లక్షల మేర నగదు రహిత చికిత్స లభిస్తుంది. క్షతగాత్రులను ఆదుకున్నవారికి చట్టం రక్షణ కల్పిస్తోంది. కేసుల భయంతో వెనుకాడనక్కర్లేదు.

కెరటం మాటున కాటు

విశాఖ తీరంలో రహదారి కంటే సముద్రమే ఎక్కువ మోసగిస్తుంది. ఒడ్డుకు వచ్చిన నీరు తిరిగి లోపలికి వెళ్లేందుకు ఇరుకైన దారి చేసుకుంటుంది. ఆ చోట కెరటాలు విరగక నీరు ప్రశాంతంగా కనిపిస్తుంది. అదే సురక్షితమనుకుని దిగినవారిని క్షణాల్లో లోపలికి లాగేస్తుంది. అందులో చిక్కినవారు ఒడ్డువైపు ఎదురీదితే అలసి మునిగిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, ప్రవాహం దాటాక ఒడ్డుకు రావాలి. ఈత రానివారు నీటిలో దిగకపోవడమే శ్రేయస్కరం. చెరువులో, కాలువలో ఈదిన అనుభవం సముద్రంలో అక్కరకు రాదు. ఎర్ర జెండా, హెచ్చరిక బోర్డు ఉన్నచోట అడుగు పెట్టరాదు.

ఎప్పుడు వెళ్లాలి?

డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ విశాఖను ఎలా అతలాకుతలం చేసిందో మరువలేం. బయలుదేరే ముందు వాతావరణ శాఖ సూచనలు, హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌ ఇచ్చే అలల హెచ్చరికలు చూసుకోవాలి. ముసురు పట్టిందని గైడు వద్దంటే యాత్ర మానుకోవాలి. అడ్వాన్సు పోయినా నష్టం స్వల్పమే.

కొండలు ఎక్కడికీ పోవు. కడలి ఎండిపోదు. ఈ వారం కాకుంటే వచ్చే నెలలోనైనా చూడవచ్చు. ఇంటి గడప వద్ద ఎదురుచూసే తల్లిదండ్రుల చెంతకు క్షేమంగా చేరినప్పుడే ఏ యాత్రయినా పూర్తయినట్లు.