నాన్న స్కూటరు, సోనిక్, 0.125

మాది మద్దిలపాలెం. చిన్నప్పుడు ఆదివారం సాయంత్రం నాన్న పాత స్కూటరు మీద బీచ్‌కి వెళ్లేవాళ్లం. కలెక్టరాఫీసు దగ్గర డౌను మొదలవగానే నాన్న ఇంజను ఆపేసేవారు. పెట్రోలు మిగులుతుందని. (మీరు మాత్రం చేయకండి. అప్పట్లో ట్రాఫిక్ తక్కువ, మా అమ్మ దండాలు ఎక్కువ.) ముందు నిలబడ్డ నాకు అదే అసలు స్పీడు. ఇంజను చప్పుడు ఉండదు, చెవుల్లో గాలి ఒక్కటే. తిరిగొచ్చేటప్పుడు వేరే కథ. ఎత్తు రాకముందే స్పీడు అందుకోవాలి. లేకపోతే సగంలో బండి మూలిగి, అమ్మ దిగి నడవాల్సొచ్చేది.

ఇదంతా పదేళ్ల తర్వాత ఒక వీడియో గేమ్ లెక్కల్లో మళ్లీ కనపడింది. అందుకే ఈ వ్యాసం.

ఆ గేమ్ సోనిక్ ది హెడ్జ్‌హాగ్. 1991లో సేగా కంపెనీ తెచ్చింది. యూజీ నాకా ప్రోగ్రామింగ్, నావోతో ఓషిమా బొమ్మలు, హిరోకాజు యాసుహారా లెవెల్స్. సోనిక్ అంటే అందరికీ గుర్తొచ్చేది నీలం ముళ్లపంది, స్పీడు. దాన్ని చూసి పెరిగినవాళ్లు ఇప్పుడు సొంతంగా, చిన్న చిన్న టీములతో, అలాంటి స్పీడు గేమ్స్ తీస్తున్నారు. వీటినే ఇండీ గేమ్స్ అంటాం. నేను ఆడినవాటిలో కొన్ని అద్భుతం, కొన్ని ఉత్త హడావుడి. తేడా ఎక్కడుందో నాకు చాలాకాలం అర్థం కాలేదు. మేమే ఒకటి తీసి బోల్తా పడ్డాక అర్థమైంది.

ముందు పాత సోనిక్ లెక్క చూద్దాం. ఫ్యాన్స్ పాత కోడ్ విప్పి రాసిపెట్టిన అంకెలివి. గేమ్ సెకనుకి 60 ఫ్రేములు నడుస్తుంది. కుడి బటన్ నొక్కి ఉంచితే ప్రతి ఫ్రేముకి వేగం 0.046875 పిక్సెల్ పెరుగుతుంది. బటన్‌తో వచ్చే గరిష్ఠ వేగం ఫ్రేముకి 6 పిక్సెల్స్. అంటే సున్నా నుంచి అక్కడికి చేరడానికి 128 ఫ్రేములు, రెండు సెకన్ల పైమాట. స్పీడుకి పేరుపడ్డ గేమ్‌లో హీరో ఇంత నిదానంగా బయల్దేరతాడని ఆడేటప్పుడు ఎప్పుడూ గమనించలేదు!

ఇప్పుడు వాలు సంగతి. నేల వంపుగా ఉంటే ఆ కోణం సైన్ విలువని 0.125తో గుణించి, ఎక్కేటప్పుడు ప్రతి ఫ్రేములో వేగం నుంచి తీసేస్తారు, దిగేటప్పుడు కలుపుతారు. 45 డిగ్రీల ఎత్తు మీద అది దాదాపు 0.088. బటన్ ఇచ్చేది 0.047. అంటే ఎత్తు వెనక్కి లాగేది, బటన్ ముందుకి తోసేదానికి రెట్టింపుకి దగ్గర. కింద ఆగిపోయి అక్కణ్ణుంచే ఎక్కుదామంటే కుదరదు. వెనక్కెళ్లి పరుగందుకుని రావాలి. మా నాన్న స్కూటరు కథే ఇది.

కింది బటన్ నొక్కితే సోనిక్ ముడుచుకుని బంతిలా దొర్లుతాడు. దొర్లి దిగేటప్పుడు 0.125 కాస్తా 0.3125 అవుతుంది. దొర్లుతూ ఎక్కేటప్పుడు 0.078 మాత్రమే. అంటే డౌను నాలుగు రెట్లు ఇస్తుంది, ఎత్తు ఒక వంతే తీసుకుంటుంది. న్యూటన్ చూస్తే ఒప్పుకోడు గానీ, ఆడేవాడికి మాత్రం పండగే. ఇంకో విషయం, దొర్లేటప్పుడు ముందుకి నొక్కినా వేగం పెరగదు. ఉన్న వాలునే వాడుకోవాలి. మొమెంటమ్‌ని తెలుగులో ద్రవ్యవేగం అంటారని ఈ వ్యాసం కోసమే తెలుసుకున్నా (ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం, క్షమించాలి), కానీ ఆ మాటకి అర్థం మాత్రం ఆ డౌనులోనే తెలిసింది.

ఈ అంకెలు తెలిశాక ఇండీ గేమ్స్ మళ్లీ ఆడి చూశా. 2014లో వచ్చిన ఫ్రీడమ్ ప్లానెట్ మొదట సోనిక్ ఫ్యాన్ గేమ్‌గానే మొదలై, తర్వాత సొంత పాత్రలతో బయటికొచ్చింది. ఇందులో లైలాక్ అనే అమ్మాయికి డ్రాగన్ బూస్ట్ ఉంటుంది. మీటర్ నిండితే రయ్యిమని దూసుకెళ్తుంది. శత్రువు ఊరికే తగిలితే దెబ్బ తగలదు, వాడు కొడితేనే తగులుతుంది. స్పీడు గేమ్‌లో ఇది చాలా మంచి ఆలోచన. కానీ బూస్ట్ ఉన్నప్పుడు వాలు మీద మనసు పోదు. నాకైతే డౌను పక్కన లిఫ్ట్ పెట్టినట్టు అనిపించింది.

2017లో వచ్చిన సోనిక్ మేనియాని పూర్తి ఇండీ అనలేం, సేగానే విడుదల చేసింది. కానీ నడిపించింది క్రిస్టియన్ వైట్‌హెడ్ లాంటి ఫ్యాన్స్. పాత లెక్క వాళ్లకి కంఠతా వచ్చు, ఆడితే తెలిసిపోతుంది. అదే మనిషి తన టీముతో 2024లో పెన్నీస్ బిగ్ బ్రేక్‌అవే తెచ్చాడు. అందులో ముళ్లపంది లేదు, యోయో ఉంది, గేమ్ త్రీడీ. అయినా వాలు మీద యోయో ఎక్కి జారుతుంటే చుట్టరికం తెలిసిపోతుంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది మాత్రం 2023లో వచ్చిన పిజ్జా టవర్. దాని గురువు సోనిక్ కాదు, వారియో ల్యాండ్. అందులో స్పీడు మీదున్నప్పుడు గోడ తగిలితే ఆగిపోం, గోడ మీదకే పరుగెడతాం. వాలు లెక్క అక్కర్లేకుండానే, సంపాదించిన స్పీడు వృథా కాకుండా చూశారు.

ఇక మా గేమ్. ఫ్రెండూ నేనూ కాలేజీ ఫెస్ట్ కోసం గోడో ఇంజన్‌లో మొదలెట్టాం. "జడ్జీలు రెండు నిమిషాలే చూస్తార్రా, మొదటి సెకనులోనే స్పీడు కనపడాలి" అన్నాడు వాడు. సరే అని గరిష్ఠ వేగం 12 పెట్టాం, బటన్ నొక్కగానే వచ్చేలా. ఇంటికి తెచ్చి, ఎనిమిదో తరగతి చదివే మా చెల్లికి ఇచ్చా. వరసగా తొమ్మిదిసార్లు ముళ్ల మీద పడి చచ్చి, ల్యాప్‌టాప్ నా వైపు తోసేసింది. "అన్నయ్యా, ఇది పరిగెడుతోంది. నేను పరిగెట్టట్లేదు."

కోపం వచ్చింది. రాత్రి కూర్చుని లెక్కేశా. మా స్క్రీన్ వెడల్పు పాత సోనిక్‌దే, 320 పిక్సెల్స్. బొమ్మ మధ్యలో ఉంటే ముందు కనపడేది 160. వేగం 6 అయితే ముల్లు కనపడ్డాక దాదాపు 27 ఫ్రేములు, అంటే 0.44 సెకను టైముంటుంది. 12 అయితే 0.22. మనిషి కంటితో చూసి వేలు కదపడానికే ఇంచుమించు పావు సెకను పడుతుంది. మా చెల్లి తప్పేమీ లేదు. ఆడేవాళ్లెవరికీ సాధ్యంకాని గేమ్ తీశాం.

ఫ్రెండ్‌తో రెండ్రోజులు మాటల్లేవు. వాడికి 12 కావాలి, నాకు 6 కావాలి. చివరికి బటన్‌కి 6, ఆ పైన ఎంతైనా వాలు నుంచి సంపాదించుకోవాలి అని రాజీపడ్డాం. వేగం ఎక్కువయ్యే చోట ముళ్లు తీసేశాం. తప్పు చేస్తే చావకుండా కింది దారిలో పడేలా మార్చాం, పాత సోనిక్‌లో చాలాచోట్ల ఉన్నట్టే. లూప్ మాత్రం ఇప్పటికీ రాలేదు. గోడో డిఫాల్ట్‌గా 45 డిగ్రీలు దాటిన నేలని గోడ అనుకుంటుంది. అదంతా మేమే మళ్లీ రాసుకోవాలి. ఫెస్ట్‌లో జడ్జి "మల్టీప్లేయర్ లేదా?" అని అడిగి ముందుకెళ్లిపోయారు.

మొన్న ఆదివారం నాన్న చేతికిచ్చా. గేమ్స్ ఆయనకి అలవాటు లేదు. ఎత్తు దగ్గర రెండుసార్లు ఆగిపోయి, నేను చెప్పకుండానే వెనక్కెళ్లి పరుగందుకుని ఎక్కారు. పైనుంచి డౌను రాగానే "కింది బటన్ నొక్కితే దొర్లుతుంది" అన్నా. నొక్కి, కుడి బటన్ మీద వేలు తీసేశారు.

"వదిలేశారేంటి నాన్నా?"

"డౌను కదా" అన్నారు, స్క్రీన్ మీంచి కళ్లు తిప్పకుండానే.