పన్నెండో యంత్రం దాకా నడక

2019 ఏప్రిల్ 11న నిజామాబాద్ లోక్‌సభ స్థానంలో ఓటు వేయబోయినవాళ్లకు పోలింగ్ గదిలో ఒకటీ రెండూ కాదు, పన్నెండు యంత్రాలు ఎదురయ్యాయి. బల్లల మీద ఎల్ ఆకారంలో ఒకదాని పక్కన ఒకటి పేర్చి ఉన్నాయి. పసుపు క్వింటాలుకు 15 వేలు, ఎర్రజొన్నకు 3,500 రూపాయలు ఇవ్వాలని, పసుపు బోర్డు పెట్టాలని అడిగి అడిగి విసిగిన రైతులు తామే నామినేషన్లు వేశారు. ఉపసంహరణల గడువు ముగిసేసరికి 185 మంది బరిలో మిగిలారు, వాళ్లలో 170 మందికి పైగా రైతులే. నోటాతో కలిపి 186 గడులు కావాలి. ఒక్కో బ్యాలెట్ యూనిట్‌లో 16 మాత్రమే పడతాయి కనుక పన్నెండు యూనిట్లు. 1,788 పోలింగ్ కేంద్రాలకు, అదనంగా దాచి ఉంచేవి లెక్కలో వేయకుండానే, 21 వేలకు పైగా యూనిట్లు తేవలసి వచ్చింది. పాత రకం యంత్రం నాలుగు యూనిట్లకు, అంటే 64 గడులకు మించి లాగలేదు. కొత్త రకం 24 యూనిట్ల దాకా మోస్తుంది కాబట్టి కాగితం బ్యాలెట్ దాకా పోకుండా గట్టెక్కారు. ప్రయోగాత్మక ఓటింగుకే సమయం చాలదని పోలింగు వేళను ఉదయం ఎనిమిదికి మార్చారు. దీన్ని ఎన్నికల వింతగా పత్రికలు రాశాయి, జనం చెప్పుకున్నారు. నా దృష్టిలో మాత్రం అది వాడుక అనుభవానికి ఈ గడ్డ మీద జరిగిన అతిపెద్ద పరీక్ష. హైదరాబాద్ హోటళ్లలో జరిగే డిజైన్ సదస్సులకు పాఠం కావలసింది ఇలాంటి గదుల్లోనే దొరుకుతుంది.

ముందుగా ఆ సదస్సుల సంగతి. యూజర్ ఎక్స్‌పీరియన్స్, పొట్టిగా యూఎక్స్ అంటే ఒక వస్తువునో సేవనో మనిషి వాడేటప్పుడు అతనికి ఎదురయ్యేదంతా: ఏది ఎక్కడుందో తెలియడం, నొక్కితే నొక్కినట్టు తెలియడం, తప్పు చేస్తే దిద్దుకునే దారి ఉండడం. 1993లో ఆపిల్ కంపెనీలో చేరిన డాన్ నార్మన్ ఆ మాటను తన హోదా పేరులోనే పెట్టుకున్నాడు. అక్కడి నుంచి అది ఒక వృత్తికే పేరైంది. సదస్సులో రెండు రకాల కార్యక్రమాలుంటాయి. ప్రసంగంలో ఒకరు తమ పని అనుభవాన్ని చెబుతారు, మిగతావాళ్లు వింటారు. వర్క్‌షాప్‌లో అయిదారుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుని కాగితం మీదే తెరను గీస్తారు, ఆ గీత మీద ఒకరిచేత పని చేయిస్తారు, మనసులో ఏమనుకుంటున్నదీ బయటికి చెబుతూ చేయమంటారు, ఎక్కడ వేలు ఆగిందో రాసుకుంటారు. చూడడానికి పిల్లల ఆటలా ఉన్నా ఈ వృత్తికి వెన్నెముక ఇదే. వాడేవాడు తడబడితే తప్పు వాడిది కాదు, వస్తువుది అని నమ్మి మొదలుపెట్టే విచారణ ఇది.

మనకు ఈ సదస్సులు కొత్తవి కావు. యూఎక్స్ ఇండియా పేరుతో ఏటా సదస్సు జరిపే యూఎమ్‌ఓ డిజైన్ ఫౌండేషన్ హైదరాబాద్‌దే. నిజామాబాద్‌లో పన్నెండు యంత్రాలు పెట్టిన ఏడాదే, అక్టోబర్ 11, 12 తేదీల్లో, ప్రపంచ డిజైన్ సంస్థ మహాసభ హైదరాబాద్‌లో జరిగింది. డిజైన్‌ను మానవీయం చేయడమే దాని ఇతివృత్తం. దాన్ని ఇక్కడికి తేవడంలో ముందున్న ఇండియా డిజైన్ ఫోరం వ్యవస్థాపకురాలు రాజశ్రీ పతి కోయంబత్తూరులో చక్కెర మిల్లుల యజమాని. చక్కెరకూ డిజైన్‌కూ చుట్టరికం ఉందని చెప్పడానికి నిజామాబాద్ జిల్లాలో చక్కెర ఫ్యాక్టరీతో పేరుపడ్డ బోధన్ వాళ్లకు ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి! మరుసటి నెలలోనే మనిషికీ కంప్యూటర్‌కూ మధ్య వ్యవహారాన్ని చర్చించే ఇండియా హెచ్‌సీఐ పదో సదస్సు కూడా హైదరాబాద్‌లోనే జరిగింది. ఆ సదస్సుల పరంపర 2010లో మొదలైంది ఐఐటీ బొంబాయిలో. ఓటింగ్ యంత్రానికి రూపం ఇచ్చిన ఏ.జి.రావు, రవి పూవయ్య కూడా ఆ ఐఐటీలోని డిజైన్ కేంద్రంలో ఆచార్యులుగా పనిచేసినవారే. యంత్రం తొలి నమూనా 1979లో తయారైంది హైదరాబాద్ ఈసీఐఎల్‌లో. అంటే నిజామాబాద్ గదిలోని వస్తువు ఈ వృత్తికి పరాయిది కాదు, సొంత ఇంటి బిడ్డ.

పైగా మంచి బిడ్డ. పేరు, ఫొటో, గుర్తు, నీలి బటన్, అన్నీ ఒకే అడ్డగీతలో ఉంటాయి. నొక్కగానే పక్కన ఎర్రదీపం వెలుగుతుంది, బీప్ వినిపిస్తుంది. చూపు లేనివాళ్లకు బటన్ పక్కన బ్రెయిలీ అంకె ఉంటుంది. రెండు బటన్లు నొక్కి ఓటు పాడుచేసుకోవడం కుదరదు. చదువు రానివాళ్లను మొదటి సార్వత్రిక ఎన్నికల్లో పార్టీల గుర్తులు ఆదుకున్నట్టే, ఇప్పుడు ఈ అమరిక ఆదుకుంటోంది. అయితే ఈ సుగుణాలన్నీ చేతికందే దూరంలో ఉన్న ఒక్క పలకను మనసులో పెట్టుకుని కూర్చినవి. అదే పలకను పన్నెండింతలు చేస్తే అది పెద్ద పలక అయిపోదు, వేరే వస్తువు అవుతుంది. పేర్ల వరసే చూడండి. గుర్తింపు ఉన్న జాతీయ, రాష్ట్ర పార్టీలు ముందు, నమోదు మాత్రమే ఉన్నవి తర్వాత, స్వతంత్రులు చివర. ఒక్కో వర్గంలో అక్షర క్రమం. కాబట్టి పెద్ద పార్టీకి ఓటు వేసేవాడికి మొదటి యంత్రంతోనే పని అయిపోతుంది. 140వ గడిలో ఉన్న రైతుకు వేయాలంటే తొమ్మిదో యంత్రం దగ్గరికి నడవాలి. ఎవరూ వద్దనుకునేవాడి నడక అన్నిటికంటే పొడుగు: నోటా పన్నెండో యంత్రంలో పదో గడి. ధర కోసం బరిలోకి దిగినవాళ్లు ఎంత ఎక్కువ మంది అయితే, వాళ్లలో ఒకరిని వెతకడం అంత కష్టం. ఇది ఎవరి కుట్రా కాదు, నిబంధన తన పని తాను చేసింది. కానీ అమరికకు పక్షపాతం ఉండడానికి ఎవరో ఉద్దేశపడాల్సిన అవసరం లేదని ఇంత తేటగా చూపే ఉదాహరణ ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకదు.

ఇంకో రెండు చిక్కులున్నాయి, ఇవి కాస్త సూక్ష్మమైనవి. ఒకటి రహస్యం. ఒక్క యంత్రం ఉన్నప్పుడు అట్ట తెర వెనక వేలు ఎక్కడ పడిందో ఎవరికీ తెలియదు. యంత్రాలు వరసగా ఉన్నప్పుడు వేలుకు ముందు కాళ్లు కదలాలి. మనిషి ఎంత దూరం నడిచాడన్నదే అతను ఎవరికి వేయలేదో చెప్పేయగలదు. రెండోది వీవీప్యాట్ చీటీ. ఎవరికి ఓటు పడిందో చూపే ఆ చీటీ గాజు వెనక ఏడు సెకన్లు మాత్రమే కనిపిస్తుంది. పక్కనే ఉన్న యంత్రానికి ఏడు సెకన్లు పుష్కలం. బటన్ ఒక చోట, చీటీ కనిపించే చోటు మరొకటి అయినప్పుడు, మోకాళ్ల నొప్పితో కర్ర పట్టుకుని వచ్చిన అవ్వకు ఆ ఏడు సెకన్లు దేనికి సరిపోతాయి? ఏడు అన్న అంకె చెడ్డది కాదు, అది పుట్టిన గది వేరు. మంచి వర్క్‌షాప్‌కు కావలసిన ముడిసరుకు ఇలాంటిదే.

ఎన్నిక సాఫీగానే జరిగింది కదా, గెలిచినవారికి 70 వేలకు పైగా ఆధిక్యం వచ్చింది కదా, లేని సమస్యను తవ్వడం ఎందుకు అనవచ్చు. సాఫీగా జరిగిన మాట నిజం. అంత తక్కువ వ్యవధిలో అన్ని యంత్రాలు తెచ్చి, పరీక్షించి, సిబ్బందికి నేర్పిన ఎన్నికల యంత్రాంగం శ్రమను తక్కువ చేయనక్కర్లేదు. ఫ్లోరైడ్ బాధ చెప్పుకోవడానికి 480 మంది నిలబడిన 1996 నాటి నల్గొండలో ఎన్నికనే వాయిదా వేయాల్సి వచ్చిందని గుర్తుచేసుకుంటే ఇది ఎంత ముందడుగో తెలుస్తుంది. కానీ సాఫీగా జరగడం వేరు, ప్రతి ఓటూ అనుకున్నవాడికే పడడం వేరు. కాగితం బ్యాలెట్ తన తప్పులను తానే బయటపెట్టుకునేది: రెండు గడుల మధ్య పడ్డ ముద్ర చెల్లని ఓటుగా లెక్కకు వచ్చేది. యంత్రం వచ్చాక చెల్లని ఓట్లు పోయాయి, పొరపాటు ఓట్లు మాత్రం పోలేదు. అవి సరైన ఓట్ల రూపంలోనే డబ్బాలో కూర్చుంటాయి. 2019లోనే భువనగిరిలో కారు గుర్తు పార్టీ 5,219 ఓట్ల తేడాతో ఓడింది. రోడ్డు రోలర్ గుర్తుకు 27 వేలకు పైగా ఓట్లు పడ్డాయి. వాటిలో కారు అనుకుని వేసినవి ఎన్నో ఎవరూ తేల్చలేరు. తేల్చలేకపోవడమే అసలు సమస్య.

అమెరికాలో దీనికి ప్రపంచ ప్రసిద్ధమైన ఉదాహరణ ఉంది. 2000 అధ్యక్ష ఎన్నికల్లో ఫ్లోరిడాలోని పామ్ బీచ్ కౌంటీలో అధికారి బ్యాలెట్‌ను రెండు పేజీలుగా వేయించారు. వృద్ధులు ఎక్కువ కదా, అక్షరాలు పెద్దవిగా ఉండాలన్నది ఆమె ఉద్దేశం. పేర్లు రెండు వైపులా, చిల్లులు నడుమ. ఎడమవైపు రెండో పేరుగా ఉన్న అల్ గోర్‌కు మూడో చిల్లు పొడవాలి; రెండో చిల్లు ప్యాట్ బుకానన్‌ది. ఆ కౌంటీలో బుకానన్‌కు మూడు వేలకు పైగా ఓట్లు పడ్డాయి, రాష్ట్రం మొత్తం మీద గెలుపోటముల తేడా 537. దయతో చేసిన మార్పే దారి తప్పించింది. ఆ తర్వాత అక్కడి డిజైనర్లు బ్యాలెట్‌ను తమ పనిగా తీసుకున్నారు. ఎన్నికల అధికారులకు చిన్న చిన్న మార్గదర్శక పుస్తకాలు తయారుచేశారు, డానా చిస్నెల్, విట్నీ క్వెసెన్‌బెరీ లాంటివాళ్లు అందుకే సివిక్ డిజైన్ కేంద్రాన్ని పెట్టారు. పామ్ బీచ్ పేరు ఈ వృత్తిలో అందరికీ తెలుసు. నిజామాబాద్ పేరు కూడా అలాగే తెలియాలంటున్నాను, ఒక తేడాతో: అక్కడ పరీక్ష ఓటమి తర్వాత జరిగింది, ఇక్కడ గొడవ ఏమీ లేని తీరిక సమయంలో చేసుకోవచ్చు.

జనానికి నేర్పితే పోయేదానికి ఇంత రాద్ధాంతమా అన్నది ఇంకో మాట. కొన్ని వారాల గడువులో యంత్రం మార్చలేరు, నేర్పడం తప్ప గతి లేదు. కానీ నేర్పి నెట్టుకురావడం అప్పు చేసి పండగ చేయడం లాంటిది. ఏటేటా వడ్డీ కట్టాలి, ప్రతి కొత్త ఓటరుకూ మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. ఇంతకంటే బరువైన అభ్యంతరం మరొకటుంది. సదస్సుకు డబ్బు పెట్టేది సాఫ్ట్‌వేర్ కంపెనీలు, వచ్చేది వాటి ఉద్యోగులు, వాళ్లకు నిజామాబాద్ రైతుతో ఏం పని? అలాంటి రైతు వర్క్‌షాప్‌లో కూర్చుని చేసేదేముంది? దీనికి చరిత్రే జవాబు చెబుతుంది. 1981-85 మధ్య స్కాండినేవియాలో అచ్చుపని కార్మికుల సంఘాలతో కలిసి పరిశోధకులు యుటోపియా అనే ప్రాజెక్టు నడిపారు. రాబోయే కంప్యూటర్లు ఎలా ఉండాలో ఆ కార్మికులు అట్టపెట్టెలతో నమూనాలు చేసుకుని, వాటితో పని చేస్తున్నట్టు నటించి తేల్చుకున్నారు. ఈనాడు స్టార్ హోటల్లో రంగు చీటీలతో సాగే వర్క్‌షాప్‌కు ఒక వేరు అక్కడుంది. కార్మికుల దగ్గర పుట్టిన పద్ధతి కార్మికులకు పనికిరాదనడం విడ్డూరం. మొహమాటం మాటా వస్తుంది: పెద్ద చదువులవాళ్లు అడిగితే మనవాళ్లు అంతా బాగుందనే అంటారు. నిజమే, అందుకే అపలా చవాన్ అనే డిజైనర్ బాలీవుడ్ పద్ధతిని ముందుకు తెచ్చింది. సినిమా కథలాంటి ఒక గండాన్ని కల్పించి, నువ్వు ఈ పని చేస్తేనే ఆ అమ్మాయి గట్టెక్కుతుంది అంటే, మనిషి మర్యాద మరిచి ఈ బటన్ ఎక్కడ చచ్చిందని తిట్టుకుంటాడట. వాడుక పరీక్షల నిపుణుడు జాకబ్ నీల్సన్ లెక్క ప్రకారం అయిదుగురు చాలు, పెద్ద లోపాల్లో ఎక్కువ భాగం బయటపడతాయి. కాకపోతే బోధన్ అంగట్లో తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడూ వినిపిస్తాయి కనుక ఆ అయిదుగురిని ఒక్క వీధిలోంచి ఏరుకోకూడదు.

పరీక్షకు పెట్టవలసినవి ఓటు యంత్రాలే కావు. 2016 ఏప్రిల్‌లో ఆన్‌లైన్ జాతీయ వ్యవసాయ మార్కెట్ ఈ-నామ్ మొదలైనప్పుడు తొలి విడతలో చేరిన మార్కెట్లలో నిజామాబాద్ యార్డు ఒకటి. అందులో వ్యాపారికి తెర ఉంది: లాట్ నంబరు, పసుపు కొమ్మో మండో, నాణ్యత, ధర టైపు చేసే చోటు. రైతుకు మిగిలేది ప్రధానంగా ఒక చీటీ, ఒక ఎస్ఎంఎస్. అమ్ముకునేవాడి చేతికి వచ్చేది ఆ చీటీయే అయినప్పుడు, డిజైన్ అంతా దాని మీదే జరగాలి: ధర ఎంత పెద్ద అక్షరాల్లో ఉంది, రెండో ధర ఎంతో తెలుస్తుందా, వద్దనే హక్కు ఎంతసేపు ఉందో రాసి ఉందా. చెరకుదీ అదే కథ. నరికిన గడ గంటగంటకూ బరువు, తీపి కోల్పోతుంది. అందుకే ఎప్పుడు నరకాలో మిల్లు చెప్పే కబురు, కాటా దగ్గర అంకె ఎవరివైపు తిరిగి ఉందన్న సంగతి రైతుకు డబ్బుతో సమానం. ఇక్కడ ఒక హద్దు ఒప్పుకోవాలి. 1937లో నిజాం కాలంలో స్థాపించిన బోధన్ శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2002లో 51 శాతం వాటాతో ప్రైవేటు చేతికి పోయి 2015 డిసెంబరులో మూతపడింది చెడ్డ తెరల వల్ల కాదు. పసుపు ధరను ఏ బటనూ పెంచలేదు. డిజైన్ చేయగలిగింది ఒక్కటే: ఉన్న హక్కు మనిషి చేతికి అందకుండా మధ్యలో పోకుండా చూడడం. ఆ ఒక్కటీ చిన్నదేం కాదు.

ఇలాంటి వర్క్‌షాప్‌కు ఖర్చూ తక్కువే. పన్నెండు అట్టముక్కలు, 186 కల్పిత పేర్లు, ఏడు సెకన్లకు మోగే గడియారం, నిజామాబాద్‌లో ఒక ఫంక్షన్ హాలు. చిక్కల్లా తేదీతోనే. 2019లో ప్రపంచ డిజైన్ సంస్థ మహాసభ, ఇండియా హెచ్‌సీఐ సదస్సు అక్టోబర్, నవంబర్‌లలో జరిగాయి. ప్రపంచ యూజబిలిటీ దినం వచ్చేది కూడా నవంబర్ రెండో గురువారమే. బోధన్ వైపు వానాకాలం వరి కోతలు అక్టోబర్‌కే అందుకుంటాయి, వెనకే చెరకు నరకడం, సంక్రాంతి దాటితే పసుపు తవ్వడం. రైతు నిమ్మళంగా కూర్చుని ఆలోచించగలిగేది నాట్లు అయిపోయి కలుపు కూడా తగ్గిన భాద్రపదంలో, వినాయక చవితి అటూ ఇటూ.