మరపు ముసిరిన పెద్దలు – ఇంట్లో రక్తపోటు పరీక్ష

వృద్ధాప్యానికి చేరిన తల్లిదండ్రులకు సేవ చేయడం మన బాధ్యతే కాదు, భాగ్యం కూడా. అయితే సేవకు ప్రేమ ఒక్కటే చాలదు, తెలివిడి కూడా కావాలి. మరీ ముఖ్యంగా, జ్ఞాపకశక్తి సన్నగిల్లిన పెద్దలకు రక్తపోటు కూడా ఉన్న ఇంట్లో ఈ తెలివిడి ఎంతో అవసరం.

మతిమరుపు వ్యాధిపై మన హైదరాబాదులోనే ప్రసిద్ధమైన పరిశోధన జరిగింది. నిమ్స్‌కు చెందిన డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగుల వివరాలను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. ఉస్మానియా విశ్వవిద్యాలయ భాషాశాస్త్రవేత్త దుగ్గిరాల వసంత ఆ బృందంలో ఒకరు. రెండు భాషలు మాట్లాడేవారిలో వ్యాధి సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని వారు గమనించారు. ఉర్దూ, తెలుగు రెండూ పలికే మన ఇళ్లకు ఇది ఊరటనిచ్చే మాటే. కానీ మెదడులోని సన్నని రక్తనాళాలను దెబ్బతీసే అధిక రక్తపోటును అదుపు చేయనిదే ఆ ఊరట నిలవదు.

అమెరికాలో జరిగిన స్ప్రింట్ పరిశోధన ఫలితాలు 2019లో వెలువడ్డాయి. రక్తపోటు పై అంకెను 120 లోపు ఉంచేందుకు చికిత్స పొందినవారిలో, 140 లోపు లక్ష్యంగా పెట్టుకున్నవారికంటే స్వల్ప జ్ఞాపకలోపం సుమారు 19 శాతం తగ్గింది. అయితే మధుమేహులను, వృద్ధాశ్రమవాసులను అందులో చేర్చలేదు. కనుక బలహీనులైన పెద్దలకు ఏ అంకె తగినదో వైద్యుడే నిర్ణయించాలి. మన పని ఆయనకు నిజమైన అంకెలు అందించడం.

అందుకు మణికట్టు యంత్రం కంటే భుజం కింద పట్టీ చుట్టే యంత్రం మేలు. పట్టీ చేతి లావుకు సరిపోవాలి. పరీక్షకు అరగంట ముందు చాయ్, పొగతాగడం వద్దు. మూత్రవిసర్జన ముగించుకొని, వీపు ఆనించి, పాదాలు నేలపై మోపి, ఐదు నిమిషాలు మౌనంగా కూర్చోవాలి. చేయి గుండె ఎత్తులో ఉండాలి. నిమిషం విరామంతో రెండుసార్లు చూడాలి. ఇలా ఉదయం మందులకు ముందు, సాయంత్రం, వారం రోజులపాటు రాసి, మొదటి రోజును వదిలి మిగిలిన వాటి సగటు తీయాలి. ఆ సగటు 135/85 లేదా అంతకు మించితే అధిక రక్తపోటుగా భావిస్తారు.

మరపు ఉన్నవారికి ఇవన్నీ ఒక్కసారి చెబితే గుర్తుండవు. కాబట్టి ప్రతిరోజూ అదే కుర్చీ, అదే వేళ, అదే మనిషి ఉండాలి. ఫజ్ర్ నమాజు తర్వాత కాసేపు విశ్రాంతి తీసుకున్న సమయం చాలా ఇళ్లలో అనువైనది. వారికి బాగా అలవాటైన భాషలో, చిన్న మాటల్లో చెప్పాలి. “అమ్మీజాన్, పట్టీ కాస్త బిగుస్తుంది, వెంటనే వదులుతుంది” అంటే చాలు. భయపడి చేయి లాక్కుంటే బలవంతపెట్టరాదు. కలత చెందినప్పుడు వచ్చిన అంకె నమ్మదగినది కాదు, తర్వాత మళ్లీ చూడాలి.

ఇంకొక ముఖ్య విషయం. తల తిరుగుతోందని వారు చెప్పలేకపోవచ్చు. అందుకే వైద్యుని సలహాపై, కూర్చున్నప్పుడు చూసిన తర్వాత, లేచి నిలబడిన మూడు నిమిషాల్లోపు మరోసారి చూడాలి. పక్కన ఒకరు పట్టుకొని ఉండాలి. పై అంకె 20 లేదా కింది అంకె 10 తగ్గితే వైద్యునికి తెలపాలి. లేనిచో పడిపోయి ఎముక విరిగే ప్రమాదముంది. అలాగే మందు వేసుకున్న సంగతి మరచి మళ్లీ వేసుకోకుండా, మాత్రలు ఒకరి చేతిలోనే ఉండాలి.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ రోజుకు ఐదు గ్రాములకు మించి ఉప్పు వద్దంటోంది. పచ్చడి, అప్పడాల ఉప్పు కూడా ఈ లెక్కలోకే వస్తుంది.

పై అంకె 180, కింది అంకె 120 దాటి, ఛాతీనొప్పి, మూతి వంకర పోవడం, మాట తడబడటం, హఠాత్తుగా అయోమయం పెరగడం వంటివి కనిపిస్తే క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. అంకె ఎంత ఉన్నా ఈ లక్షణాలను నిర్లక్ష్యం చేయరాదు.

ప్రతి కొలతనూ తేదీ, వేళ, మందుతో సహా ఒక పుస్తకంలో రాసి వైద్యుని వద్దకు తీసుకువెళ్దాం. పెద్దలు మరచిపోయిన దానిని వారి తరఫున గుర్తుంచుకోవడం ఇంటివారి పని.